జోర్డీ యాసలో మాట్లాడటం నేర్చుకోవాలి, న్యూకాసిల్ వైపు ఉన్నవాళ్ళు దారి చెప్పండి

సుమ_తెనాలి
ఉత్తర ఇంగ్లండ్‌లో, న్యూకాసిల్ పక్కన గేట్స్‌హెడ్‌లో ఒక కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. ఇంగ్లీష్ మీడియంలో చదివాను, ఐఇఎల్‌టిఎస్‌లో మంచి స్కోరు వచ్చింది. ఇక్కడికొచ్చాక అవేవీ అక్కరకు రావడం లేదు. మా దగ్గర ఉన్న పెద్దవాళ్ళంతా టైన్ నది ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళు, మాట్లాడేది ఇక్కడి జోర్డీ యాస. కొందరు బొగ్గు గనుల్లో, కొందరు షిప్‌యార్డుల్లో పని చేశారు. వాళ్ళ మాట నాకు సగం కూడా అందదు. నా మాట వాళ్ళకి అసలే అందదు.

ఒక పెద్దాయన ఉన్నారు, మతిమరుపు జబ్బు. పొద్దు వాలేసరికి కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడి "ఆమ్ గానిన్ యెమ్" అంటారు. ఇంటికి పోతున్నానని. నేను వెళ్ళి "ప్లీజ్ సిట్, టీ తాగుదురు గాని" అని ఇంగ్లీషులో ఎంత మెల్లగా చెప్పినా నా వంక చూస్తారే తప్ప కదలరు. ఇక్కడి అమ్మాయి ఒకామె వచ్చి అదే మాట వాళ్ళ యాసలో అంటే చాలు, గుండీలు తనే విప్పుకుని కుర్చీలో కూర్చుంటారు. రోజూ చూస్తున్నాను ఇది.

అర్థం చేసుకోవడం ఒక్కటే కాదు, మాట్లాడటం కూడా నేర్చుకోవాలని ఉంది. యూట్యూబ్‌లో వెతికితే అన్నీ కామెడీ వీడియోలు. పద్ధతిగా నేర్చుకునే దారి ఉందా? అసలు మనం అలా మాట్లాడితే వాళ్ళు తప్పుగా అనుకుంటారా?

లండన్_లక్ష్మి
కష్టపడి నేర్చుకునేదేదో మంచి ఇంగ్లీష్ నేర్చుకోమ్మా. యాస ఎందుకు? రేపు ఉద్యోగం మారి ఇటు వస్తే ఇంటర్వ్యూలో అది అడ్డం పడుతుంది. బిబిసి వార్తలు వింటూ ఉండు, రెండు చోట్లా పనికొస్తుంది.

ఓరుగల్లు_పిల్ల
సండర్‌లాండ్‌లో చదువుకుంటున్నా. అక్కా, నీ బాధ నాకు బాగా తెలుసు. బస్సు డ్రైవర్ "వేర్ యీ గానిన్ పెట్" అంటే మొదట్లో ఏమీ అర్థం కాలేదు. ఎక్కడికి అని అడుగుతున్నాడంతే. ఇక్కడివాళ్ళని జోర్డీలు అని మాత్రం పిలవకు. సండర్‌లాండ్ వాళ్ళు మాకెమ్‌లు. ఆ మాట మీద గొడవలే అవుతాయి.

ఉత్తరాంధ్ర_గాలి
@లండన్_లక్ష్మి, మంచి ఇంగ్లీష్ అంటే ఏదండీ? ఎవరిది?

మాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కి వెళ్తే నేను "ఏటి" అన్నప్పుడల్లా గదంతా నవ్వేది. నన్ను చూసే వాళ్ళకి "మంచి తెలుగు" వచ్చిందని ధైర్యం. సినిమాల్లో పనిమనిషికి మా యాస, బాంబులేసేవాడికి సీమ యాస, తాగి తూలేవాడికి తెలంగాణ యాస పెట్టి దశాబ్దాలు నడిపారు. అది తిన్నవాళ్ళం మనం. ఇంకో దేశం వచ్చి అక్కడి జనం మాటని అదే తక్కెడలో తూయడం నాకు మింగుడు పడదు.

మీరన్న బిబిసి సంగతే తీసుకోండి. యుద్ధం రోజుల్లో, 1941లో, హాలిఫాక్స్‌లో పుట్టిన విల్‌ఫ్రెడ్ పికిల్స్‌ని లండన్‌లో వార్తలు చదవడానికి పెట్టారు. యార్క్‌షైర్ మనిషి. ఆయన చదివిన ఇంగ్లీషులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, ఉన్నదల్లా అచ్చులు ఉత్తరం వైపువి. దానికే శ్రోతల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. అంటే గొడవ భాష గురించి కాదు, మనిషి ఎక్కడివాడన్నదాని గురించి.

లండన్_లక్ష్మి
నేను ఎవరినీ తక్కువ చేయలేదు బాబూ. ఇక్కడ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో చూసి చెప్పాను. లివర్‌పూల్ నుంచి వచ్చిన తెల్లవాళ్ళే మీటింగ్‌లో మాట మార్చుకుంటారు. వాళ్ళకే తప్పనిది మన పిల్లకి ఇంకెంత కష్టం అన్నదే నా భయం.

ఉత్తరాంధ్ర_గాలి
ఆ భయం నిజమే, కాదనను. కానీ సుమ గారు మీటింగ్‌కి పోవట్లేదు, పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టాలి.

టైన్_ఒడ్డున
న్యూకాసిల్‌లో చాలా ఏళ్ళు డాక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ యాస గురించి నాకు తెలిసింది కొంచెం వివరంగా రాస్తాను, తీరిగ్గా చదవమ్మా.

ముందు ఒక మంచి కబురు. అచ్చుల విషయంలో నువ్వు లండన్‌కంటే న్యూకాసిల్‌కే దగ్గర. లండన్ మనిషి "ఫేస్" అనేటప్పుడు దవడ మధ్యలో కదిలి "ఫెయిస్" అవుతుంది. "గోట్" అంటే "గఉట్" లాగా వినపడుతుంది. మన ఏ, ఓ కదలవు, మొదలెట్టిన చోటే నిలబడతాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలామందివీ అంతే. కాబట్టి మన బడిలో నేర్చుకున్న "ప్లేట్", "కోట్", "డే" అన్నవాటిని ముట్టుకోకు. హైదరాబాద్ కోచింగ్ సెంటర్‌లో ఎవరైనా వాటిని వంకర తిప్పడం నేర్పి ఉంటే అది మర్చిపో. బాగా పెద్ద వయసు వాళ్ళు మాత్రం "ప్లియట్", "బూఅట్" అంటారు. అవి విని గుర్తుపడితే చాలు. ఇప్పటి కుర్రాళ్ళే ఆ పాత పలుకుబడి వదిలేసి నిలకడ ఏ, ఓలకి వచ్చేశారు.

మార్చుకోవలసినవి కొన్ని. "కప్, బస్, లవ్, బటర్" ఇక్కడ "కుప్, బుస్, లువ్, బుటా". స్పెల్లింగ్‌లో ఉన్నదే నోట్లో ఉందనుకో. "బాత్, గ్లాస్, లాఫ్" అని మనం దీర్ఘం తీస్తాం, వాళ్ళు క్యాట్‌లో ఉన్న అచ్చునే పొట్టిగా వేస్తారు. డాక్టర్, సిస్టర్‌లలో చివరి రకారం ఉండదు, "డాక్టా, సిస్టా" అని నోరు తెరిచి వదిలేస్తారు. "టౌన్" పాతవాళ్ళ నోట "టూన్".

ఇక "బర్డ్, షర్ట్, నర్స్" పాత తరం మాటలో "బోడ్, షోట్, నోస్" అవుతాయి. మంచం మీంచి ఎవరైనా "నోస్" అని కేకేస్తే ముక్కు చూడకు, నర్సుని పిలుస్తున్నారు. ఇదే వరసలో "వర్క్" అనేది "వోక్" అవుతుంది, "వాక్" మాత్రం నిలువుగా "వాక్". దీని మీద ఇక్కడ ఒక పాత జోకు ఉంది. దక్షిణం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు కాలికి కట్టు కట్టించుకున్న గని కార్మికుణ్ణి నడవగలవా అనడానికి తన పద్ధతిలో "కెన్ యూ వోక్" అని అడిగాడట. ఆయన మండిపడి "వోక్? ఆ కానట్ ఈవెన్ వాక్ యెట్" అన్నాడట. నడవడానికే దిక్కు లేదు, పనికెలా పోతానని. మన తెలుగువాళ్ళం నడకని "వాక్" అనే అంటాం కాబట్టి ఈ చిక్కు నీకు రాదు. రోజూ నువ్వు పదిసార్లు వాడే మాట అది, ధైర్యంగా అను.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, రాగం. ఇక్కడ మామూలు వాక్యం కూడా చివర్న పైకి లేస్తుంది. "మా అబ్బాయి ఆదివారం వస్తున్నాడు" అని చెప్పినా నీకు ప్రశ్నలాగే వినపడుతుంది. జవాబు కోసం తడుముకోకు. తల ఊపి "అయ్, ఈజ్ హీ" (అవునా, వస్తున్నాడా) అంటే ఆ మనిషి సంతోషిస్తాడు.

సుమ_తెనాలి
డాక్టర్ గారూ, ఆ చివరి మాట చదివాక చాలా సంగతులు అర్థమవుతున్నాయి. ఒకావిడ ఏం చెప్పినా నన్ను ఏదో అడుగుతున్నట్టే ఉంటుంది. నేను జవాబు వెతుక్కుంటూ ఉంటే ఆవిడ విసుక్కుంటారు.

గ్లాస్గో_గిరి
మా దగ్గర, స్కాట్లండ్‌లో, రకారం దాచరు. గర్ల్, వరల్డ్, కార్డ్, అన్నిట్లో మన ర లాగే నాలుక కొట్టి మరీ పలుకుతారు. నా ర విని ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. ఇంగ్లండ్‌లో ఉన్న తమ్ముడికి మాత్రం ఆఫీసులో ర తగ్గించమని చెప్పారట!

కష్టమంతా హ్రస్వ దీర్ఘాల్లో. "ఫుల్", "ఫూల్" ఇక్కడ ఒకేలా పలుకుతారు. మనకేమో గుణింతం నేర్చుకున్న దగ్గర్నుంచి పొట్టి పొడుగు తేడా చెవిలో ఉండిపోయింది. రెండూ ఒకటే అంటే చెవి ఒప్పుకోదు.

బర్మింగ్‌హామ్_బావ
మా ఊళ్ళో "డే" అంటే "డై" అని వినపడుతుంది. పొద్దున్నే ఎదురొచ్చి "హ్యావ్ ఎ నైస్ డై" అంటే దీవెనో శాపమో అని కొత్తవాళ్ళు నిలబడిపోతారు. దీవెనే. ఇంత మంచి మనుషుల యాసని దేశం మొత్తం మీద అడుగున పెడతారు సర్వేల్లో, అదే నా బాధ.

వాయిస్‌ట్రైనర్_హైద్
మాదాపూర్‌లో కాల్ సెంటర్లకి వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనింగ్ ఇచ్చేదాన్ని. మొదట్లో అమెరికన్ యాస నేర్పేవాళ్ళం, తర్వాత ఏ దేశమో తెలియని "న్యూట్రల్" యాస అన్నారు. ఆ అనుభవంతో చెబుతున్నా, యాస మొత్తాన్ని ఒకేసారి ఎత్తుకోవాలని చూసినవాళ్ళు ఎవరూ నిలబడలేదు. రెండు మూడు శబ్దాలు పట్టుకున్నవాళ్ళు నిలబడ్డారు.

డాక్టర్ గారు అచ్చుల గురించి చెప్పారు. నేను హల్లుల గురించి చెబుతా. మాట మొదట్లో వచ్చే ప, ట, కలకి ఇంగ్లీషులో కొంచెం గాలి తోడవుతుంది. మనం గాలి లేకుండా "పిల్" అంటే వాళ్ళ చెవికి "బిల్" అని పడొచ్చు. మందుల ట్రే పట్టుకుని తిరిగేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని "పిల్, టీ, కుప్" అనండి. ప్రతిసారీ చేతికి గాలి తగలాలి.

రెండోది, మనకి వ ఒక్కటే. ఇంగ్లీషుకి రెండున్నాయి. లోపల తొడుక్కునే వెస్ట్, పడమర వెస్ట్. మొదటిదానికి పై పళ్ళు కింది పెదవిని తాకాలి, రెండోదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. కేర్ హోమ్‌లో వెస్ట్ తొడగడం రోజూ పనే కదా, దానిమీదే సాధన చేయండి.

మన ట, డ నాలుక మడిచి పలుకుతాం. అది మనవాళ్ళని పట్టిస్తుంది కానీ అర్థానికి అడ్డు రాదు. వదిలేయండి.

అన్నిటికన్నా పెద్దది మాటలో బరువు ఎక్కడ పడాలన్నది. మనం అక్షరాలన్నిటినీ సమానంగా నడిపిస్తాం. వాళ్ళు ఒకదాన్ని గట్టిగా పట్టుకుని మిగతావి మింగేస్తారు. "కంఫర్టబుల్" అని మనం అన్నీ పలుకుతాం, వాళ్ళకి "కమ్ఫ్‌టబుల్", అదీ మొదటి అక్షరం మీదే బరువు. ఇక్కడ "కుమ్ఫ్‌టబుల్" అనాలేమో, డాక్టర్ గారు చెప్పాలి.

టైన్_ఒడ్డున
అవును, కుమ్ఫ్. బరువు సంగతి మీరు ఎత్తారు కాబట్టి నా వైపు నుంచి ఒక మాట చెప్తాను. ఇది సుమకి చాలా అవసరం.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి, ఎత్తైన శబ్దాలు. స, ఫ, ట, థ లాంటి హల్లులన్నీ ఆ వైపే ఉంటాయి. కిందిస్థాయి శబ్దాలు, అంటే అచ్చులు, మాట నడక, చాలాకాలం మిగులుతాయి. అందుకే వాళ్ళు "మీరు మాట్లాడటం వినపడుతోంది, ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు. హల్లులు పోయిన మనిషి మిగిలిన అచ్చుల్నీ, బరువునీ, రాగాన్నీ బట్టి మాటని ఊహించుకుంటాడు. చిన్నప్పటినుంచి విన్న అచ్చులైతే ఊహ వెంటనే కుదురుతుంది. మనం తెచ్చిన అచ్చు వేరైతే ఆధారమంతా పోయినట్టే. ఆ పెద్దాయన ఇక్కడి అమ్మాయి మాటకి కూర్చోవడంలో అలవాటు, నమ్మకం ఉన్నాయి, వాటితో పాటు ఈ కారణమూ ఉండొచ్చు.

గొంతు పెంచి అరవకమ్మా. అరిస్తే గొంతు సన్నబడుతుంది, వాళ్ళకి పోయిన వైపుకే పోతుంది. ముఖానికి ముఖం పెట్టి, వెలుతురు నీ ముఖం మీద పడేలా నిలబడి, గొంతు కాస్త దించి, పొట్టి వాక్యాలు చెప్పు. టీవీ కట్టేసి మాట్లాడు. చెవి మిషన్లో బ్యాటరీ ఉందో లేదో చూడు, సగం సార్లు అక్కడే ఉంటుంది సమస్య.

నర్సక్క_మిడిల్స్‌బ్రో
డాక్టర్ గారు చెప్పినదానికి నూటికి నూరు. పరీక్షల గురించి ఒక మాట కలుపుతా. కొత్తగా వచ్చే పిల్లలు యాస మారకపోతే స్పీకింగ్‌లో మార్కులు పోతాయని టెన్షన్ పడి చస్తారు. ఐఇఎల్‌టిఎస్ స్పీకింగ్‌లో చూసేవి నాలుగు: ధారాళంగా మాట్లాడటం, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఉచ్చారణ అంటే ఎదుటివాడికి ఇబ్బంది లేకుండా అర్థమవడం. బ్రిటిష్ యాస ఉండాలని ఎక్కడా లేదు.

సుమా, నీకు చెప్పేది ఇంకోటి. పలకడం కంటే ముందు వినడానికి కొన్ని మాటలు ఖాయంగా తెలుసుకో, ఎందుకంటే ఇవి తెలియకపోతే మనిషికి ప్రమాదం. "ఆమ్ బ్యాడ్లీ" అంటే ఒంట్లో బాగాలేదని. "మీ హీడ్స్ బ్యాడ్" అంటే తల నొప్పి. "గివ్ అస్" అన్నప్పుడు ఆ అస్ అంటే నేను ఒక్కణ్ణే. "కిల్లిన్ అస్" అంటే ఆ మనిషికి ఎక్కడో బాగా నొప్పిగా ఉందని, ఊరికే అన్నమాట అనుకోకు. "నెట్టీ" అంటే టాయిలెట్, అది వినపడితే పరిగెత్తాలి.

పలకడంలో ఒక హద్దు పెట్టుకో. డ్యూటీ మారేటప్పుడు చేసే హ్యాండోవర్‌లో, ఫోన్‌లో అంబులెన్స్‌కి చెప్పేటప్పుడు, ఫైల్లో రాసేటప్పుడు యాస మాటలు వద్దు. అక్కడ అందరికీ తెలిసిన ఇంగ్లీషే. మనిషి పక్కన కూర్చున్నప్పుడు ఎంతైనా వాడుకో.

ఓరుగల్లు_పిల్ల
నర్సక్కా, "పెట్" అని వాళ్ళు మనల్ని పిలిస్తే ఓకేనా? మా ఫ్రెండ్ ఒకడు కుక్కని పిలిచినట్టు పిలిచారని ఫీలయ్యాడు.

నర్సక్క_మిడిల్స్‌బ్రో
పాపం, ఆ అబ్బాయికి చెప్పు, మన దగ్గర ముసలమ్మలు "అమ్మా, నాయనా" అనే చోట ఇక్కడ పెట్ వస్తుంది. ఆడా మగా తేడా లేదు. నువ్వు మాత్రం తొందరపడి తిరిగి అందరినీ అలా పిలవకు. ముందు ఆ మనిషికి ఏ పిలుపు ఇష్టమో అడగాలి. కొందరికి మిసెస్ అనే ఉండాలి.

అమెరికా_ఆంజనేయులు
డాలస్ నుంచి. మాకూ ఇదే కథ. ఇక్కడి పాత టెక్సస్ వాళ్ళు "నైస్" అంటే "నాస్", "టైమ్" అంటే "టామ్". పెన్, పిన్ రెండూ ఒకేలా పలుకుతారు, అందుకే కొందరు "ఇంక్ పెన్" అని విడిగా చెబుతారు. నేను యాల్ (యు ఆల్, అంటే మీరంతా) అని అనడం మొదలెట్టాక ఆఫీసులో మాటలు కలిశాయి. మనకి మీరు అనే మాట అలవాటు, ఇంగ్లీషులో దానికి సరైన జోడీ లేక వెలితిగా ఉండేది. యాల్‌తో ఆ వెలితి తీరింది.

పిల్లలతల్లి_లీడ్స్
మా పాప బళ్ళో వేసిన కొన్నాళ్ళకే యార్క్‌షైర్ అమ్మాయి అయిపోయింది. "నౌట్" "ఔట్" అంటుంది, ఏమీ లేదు, ఏదైనా అనడానికి. "గోయింగ్ టు ది షాప్"లో ఆ మధ్య మాట ఒక చిన్న ట అయిపోతుంది. ఎవరూ నేర్పలేదు. నేను ఇన్నేళ్ళున్నా నాకు రాలేదు. పెద్దయ్యాక యాస రాదేమో అనిపిస్తుంది. సుమ గారిని నిరుత్సాహపరచడానికి కాదు.

వాయిస్‌ట్రైనర్_హైద్
@పిల్లలతల్లి_లీడ్స్, పిల్లలకి వచ్చినట్టు పూర్తిగా రాదు, నిజమే. కానీ పెద్దవాళ్ళ మాట కూడా మనుషుల్ని బట్టి జరుగుతుంది. హోవర్డ్ గైల్స్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఇదే చెప్పారు: ఎదుటివాళ్ళకి దగ్గరవ్వాలని ఉంటే మన మాట తెలియకుండానే వాళ్ళ వైపు జరుగుతుంది, దూరంగా ఉండాలనుకుంటే ఇంకా దూరం పోతుంది. హైదరాబాద్ వచ్చిన కోస్తా పిల్లలు ఏడాది తిరిగేసరికి "పోతున్నా, వస్తున్నా" అనడం మనం చూడట్లేదా? వాళ్ళు క్లాసుకి పోయి నేర్చుకోలేదు.

ఉత్తరాంధ్ర_గాలి
ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది, సుమ గారు ఏమీ అనుకోకండి. దగ్గరవడం వేరు, అనుకరించడం వేరు. విజయవాడలో నా యాసని నాకే అప్పజెప్పినవాళ్ళు కూడా "నీ మాటే అంటున్నాం కదా" అనేవాళ్ళు. ఆ పెద్దవాళ్ళలో ఎవరికైనా, ఈ పిల్ల మమ్మల్ని వెక్కిరిస్తోంది అనిపిస్తే? వాళ్ళ యాసకీ లండన్‌లో అవమానాలు జరిగాయి, వాళ్ళకీ ఆ పుండు ఉంటుంది. అచ్చులు సర్దుకోండి, బరువు సర్దుకోండి, తప్పు లేదు. "హోవే (పద పద), హిన్నీ (బంగారం)" అంటూ వాళ్ళ ముఖం మీద వాళ్ళలా నటించడం మాత్రం నాకు నచ్చదు.

గ్లాస్గో_గిరి
అన్నా, నీ మాట ఒప్పుకుంటా, కానీ పూర్తిగా కాదు. నేను "వీ" (చిన్న), "అయ్" (అవును) అంటే ఇక్కడ పబ్‌లో ముసలాయన భుజం తట్టాడు. వెక్కిరింపుకి ముఖంలో తేడా తెలుస్తుంది. మన ఊరికొచ్చిన కేరళ నర్సు "బాగున్నారా తాతా" అంటే ఏ తాతైనా బాధపడతాడా?

ఉత్తరాంధ్ర_గాలి
బాధపడడు. కానీ ఆ నర్సు తాతని అడిగి నేర్చుకుని ఉంటుంది, కామెడీ వీడియో చూసి కాదు. నేనంటున్నది ఆ తేడా గురించే.

టైన్_ఒడ్డున
ఉత్తరాంధ్ర_గాలి గారు చెప్పినదాంట్లోనే దారి ఉంది. సుమా, వాళ్ళనే నేర్పమను. "దీన్ని మీ చిన్నప్పుడు ఏమనేవారు?" అని అడుగు. గనికి కట్టుకెళ్ళే తిండిని "బేట్" అనేవారు, దాని గురించి అడిగితే గని మొత్తం చెబుతారు. ఏ పనీ చేసుకోలేక రోజంతా మన చేత చేయించుకునే మనిషికి, నీకు ఒకటి నేర్పే అవకాశం రావడం చాలా పెద్ద సంగతి. నేను వార్డులో ఇదే చేసేవాణ్ణి.

పాత యాసలు వినడానికి కూడా చోట్లున్నాయి. ఈ డరమ్ జిల్లావాడే హెరాల్డ్ ఆర్టన్ అనే ప్రొఫెసర్ లీడ్స్ యూనివర్సిటీ నుంచి 1950లలో ఇంగ్లండ్ పల్లెల్లో పెద్ద సర్వే నడిపించారు. 313 చోట్ల, ఎక్కువగా పెద్ద వయసు రైతుల్ని కూర్చోబెట్టి వందల ప్రశ్నలు అడిగారు. టేపు రికార్డింగులు కూడా చేశారు. ఇక ఇప్పటి గొంతులు కావాలంటే బిబిసి రేడియో న్యూకాసిల్‌లో జనం ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమాలు విను. నటన లేని మాట అదే.

వాయిస్‌ట్రైనర్_హైద్
సరే, రేడియో దొరికింది కాబట్టి పద్ధతి చెప్తా. అర నిమిషం ముక్క ఒకటి రికార్డు చేసుకోండి. ముందు అర్థం కోసం వినండి. తర్వాత మాటలు వదిలేసి రాగం మాత్రం నోరు మూసుకుని "ఊఁ ఊఁ" అని పలకండి. అది కుదిరాక మాటలతో, ఆ మనిషి తర్వాత కాకుండా ఆ మనిషితో పాటే, నీడలా. చివరికి మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. రోజుకి ఒక్క ముక్క చాలు, అదే ముక్క వారమంతా. కొత్త కొత్తవి మార్చుకుంటూ పోతే ఏదీ నోటికి ఎక్కదు.

ఇంటర్నెట్‌లో ఇంటర్నేషనల్ డయలెక్ట్స్ ఆఫ్ ఇంగ్లీష్ ఆర్కైవ్ అని ఒకటి ఉంది, నటుల కోసం 1998లో మొదలైంది. అక్కడ రకరకాల ఊళ్ళవాళ్ళు చాలావరకు ఒకే పేరా చదువుతారు. పేరా ఒకటే కాబట్టి ఏ అచ్చు ఎక్కడ మారిందో చెవికి సులువుగా దొరుకుతుంది.

లండన్_లక్ష్మి
అన్నీ చదివాను. చెవుడు గురించి డాక్టర్ గారు చెప్పింది నాకు తెలియదు. మా అత్తగారికి కూడా ఇదే ఇబ్బంది, ఆవిడకి నా గుంటూరు మాట అందదు, మా ఆడపడుచు నల్గొండ మాట ఠక్కున అందుతుంది. ఇన్నాళ్ళూ ఇష్టాయిష్టాలని అనుకుంటున్నాను. సుమా, నీ పని చోట నీకు పనికొచ్చేదే నేర్చుకో అమ్మా. ఉద్యోగం మారేటప్పుడు అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

బర్మింగ్‌హామ్_బావ
అత్తగారికి ఇంక నల్గొండ మాటలోనే కాఫీ ఇవ్వండి.

సుమ_తెనాలి
కొన్ని రోజులు ఆగి రాస్తున్నాను, డ్యూటీలు వరసగా పడ్డాయి.

డాక్టర్ గారు చెప్పినట్టు టీవీ కట్టేసి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు దించి "కుప్ ఆ టీ?" అన్నాను. అంతే. మిగతా ఇంగ్లీష్ ఏమీ చెప్పలేదు. పెద్దాయన "అయ్, గాన్ ఆన్ దెన్" (సరే, కానివ్వు) అన్నారు. ప్రతిరోజూ వింటారని చెప్పలేను, ఇంకో రోజు నన్ను తోసుకుంటూ వెళ్ళిపోయారు కూడా. కానీ ఇప్పుడు ముందు నన్ను చూసి ఆగుతున్నారు, అది ఇదివరకు లేదు.

నేర్పమని అడిగాను. ఒకావిడ బడిలో టీచరుగా చేశారట, నా "వెస్ట్" ఒప్పుకోవట్లేదు. చొక్కా తొడుగుతుంటే ఆపి, తన కింది పెదవిని వేలితో చూపించి, పళ్ళు పెట్టమని మళ్ళీ చెప్పిస్తారు. నేను సరిగ్గా అనేదాకా రెండో చెయ్యి ఇవ్వరు. ఉత్తరాంధ్ర_గాలి గారూ, హోవే, హిన్నీ లాంటివి నేను అనడం లేదు, మీరు చెప్పింది మనసులో పెట్టుకున్నాను. వాళ్ళే అనమన్నప్పుడు అంటాను.

ఒక మేనేజర్ మాత్రం "ప్రొఫెషనల్‌గా మాట్లాడు" అన్నారు. దానికి ఏం చెప్పాలి?

నర్సక్క_మిడిల్స్‌బ్రో
గొడవ పడకు. ఆ పెద్దాయన కేర్ ప్లాన్‌లో మాట్లాడే పద్ధతి గురించి ఒక భాగం ఉంటుంది. అందులో ఇలా రాయించు: "పొట్టి వాక్యాలు, తక్కువ గొంతు, టీవీ ఆపి, స్థానిక మాటలకు బాగా స్పందిస్తారు." ఒకసారి రాతలోకి వచ్చాక అది నీ సొంత అలవాటు అవదు, ఆయనకి చేయవలసిన సేవ అవుతుంది. నీ తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఉత్తరాంధ్ర_గాలి
నర్సక్కా, ఇది బంగారం లాంటి సలహా. సుమ గారూ, రెండో చెయ్యి ఇవ్వని ఆ టీచరమ్మకి నా నమస్కారం చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల
అక్కా, మా వైపు "హోవే" కాదు, "హావే". ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో అరుపు వింటే ఏ ఊరి టీమో తెలిసిపోతుంది. నువ్వు ఎప్పుడైనా సండర్‌లాండ్ వస్తే ఆ ఒక్క అచ్చు మార్చుకుని రా.

వాయిస్‌ట్రైనర్_హైద్
సుమ గారు పంపిన రికార్డింగ్ విన్నాను. "కుప్" చాలా బాగుంది, "వాక్" డాక్టర్ గారు చెప్పినట్టే ఉంది. "పిల్"లో గాలి ఇంకా సరిపోలేదు, వాక్యం మొదట్లో ఉంటే వస్తోంది, మధ్యలో పోతోంది. ఈ వారం "టేక్ యువర్ పిల్" అనే ముక్క ఒక్కటే చేయండి, శనివారం మళ్ళీ పంపండి.